సరిహద్దు ఊళ్లో ఏ సిమ్, ఏ ప్లాన్: టవర్ చూసుకోవడం నుంచి రీఛార్జ్ దాకా

మా నాన్న ఫోను రెండేళ్లపాటు కిటికీ ఊచకు కట్టిన గుడ్డసంచిలో ఉండేది. ఒడిశాలో గుణుపురం దాటాక, ఆంధ్రా సరిహద్దు దగ్గర, వంశధార ఒడ్డున ఉంటుంది మా ఊరు. రేకుల ఇల్లు. ఆ సంచిలో పెడితే తప్ప ఇంట్లో ఇంకెక్కడా సిగ్నల్ అందేది కాదు. ఫోన్ మోగుతుంది, ఆయన మంచం దిగి కిటికీ దగ్గరికి వెళ్లేలోపు ఆగిపోతుంది. అలాంటి సిమ్‌కు నేను రాయగడ నుంచి నెల నెలా రోజుకు 2 జీబీ ప్లాన్ వేయించేవాడిని. ఖరీదైన ప్లాన్ వేస్తే సిగ్నల్ కూడా బాగుంటుందని నమ్మేవాడిని.

ఒక రాత్రి ఆయనకు ఒంట్లో బాగాలేదు. అమ్మ అరగంట ప్రయత్నించినా నాకు కాల్ కలవలేదు. పక్కింటి అబ్బాయి అదే వాకిట్లో నిలబడి తన ఫోన్ నుంచి చేస్తే ఒక్కసారికే కలిసింది. అతనిది వేరే నెట్‌వర్క్, మా నాన్న ప్లాన్ కంటే తక్కువ ధరది. ఆ తర్వాత ఇంటికెళ్లి రెండు రోజులు కూర్చుని ఏ సిమ్ ఎక్కడ పలుకుతుందో, నాన్నకు ఏ ప్లాన్ సరిపోతుందో లెక్క చూశాను. అప్పటి నుంచి పిన్ని వాళ్లకీ, బావ వాళ్లకీ, ఊళ్లో అడిగిన వాళ్లకీ అదే పద్ధతిలో చూసి పెడుతున్నాను. ముందు టవర్, తర్వాత మన వాడకం, ఆఖర్న ధర. ఈ వరస తప్పితే డబ్బు వృథా.

ముందు సర్కిల్ సంగతి తెలుసుకోండి

టెలికాం లెక్కలో దేశం 22 సర్కిళ్లు. ఒడిశా ఒక సర్కిల్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి ఇంకో సర్కిల్. రాష్ట్రం విడిపోయినా ఇది విడిపోలేదు. సిరొంచ, దెగ్లూర్, ధర్మాబాద్ వైపు ఉన్న మనవాళ్లు మహారాష్ట్ర సర్కిల్ కిందికి వస్తారు. మీరు ఏ రాష్ట్రంలో ఉంటున్నారన్నది సిమ్‌కు పట్టదు, అది ఏ సర్కిల్‌లో నమోదైందన్నదే లెక్క.

పర్లాకిమిడిలో కాపురం పెట్టిన కోడలు పాతపట్నంలో పుట్టింటివాళ్లు కొనిచ్చిన సిమ్మే వాడుతుంది. అది ఆంధ్రా సర్కిల్ సిమ్. పర్లాకిమిడి షాపులో రీఛార్జ్ చేయిస్తే షాపు అతను అలవాటుగా ఒడిశా సర్కిల్ నొక్కుతాడు. రెండు చోట్లా ఒకే ధర ఉన్న ప్లాన్ అయితే ఇబ్బంది రాదు. కొన్ని చిన్న ప్యాకులు, ఆఫర్లు మాత్రం సర్కిల్‌ను బట్టి మారతాయి, అప్పుడు రీఛార్జ్ తిరస్కరిస్తుంది, లేదా మనం అడిగింది కాకుండా ఇంకోటి పడుతుంది. అందుకే డబ్బిచ్చే ముందే "ఇది ఆంధ్రా నంబర్" అని చెప్పండి. పోర్ట్ పెట్టి, అంటే నంబర్ అదే ఉంచుకుని, సర్కిల్ మార్చుకున్న నంబర్లతో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే కొన్ని యాప్‌లు నంబర్ మొదటి అంకెలు చూసి పాత సర్కిలే అనుకుంటాయి. అన్నిటికంటే భద్రం, ఆ కంపెనీ సొంత యాప్‌లో రీఛార్జ్ చేసుకోవడం. అందులో మీ సిమ్‌కు నిజంగా వర్తించే ప్లాన్లే కనిపిస్తాయి.

పెద్దవాళ్ల విషయంలో ఇంకో మాట. ఒడిశా సిమ్‌కు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినా, కంపెనీ నుంచి మెసేజ్ వచ్చినా మా అమ్మకు అర్థం కాదు. ఆంధ్రా సిమ్ అయితే తెలుగులో చెబుతారు. ఒడియా రాని వాళ్లు ఉన్న ఇంట్లో ఒక్క ఆంధ్రా సిమ్ ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. అన్‌లిమిటెడ్ ప్లాన్లలో దేశంలో ఎక్కడికి వెళ్లినా రోమింగ్ కాల్స్‌కు వేరే చార్జీ ఉండదు కాబట్టి దీనివల్ల నష్టం లేదు.

మొదటి మెట్టు: మీ ఇంటికి ఏ టవర్ పలుకుతోంది

కవరేజ్ మ్యాపులతో మొదలుపెట్టండి. టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త నాణ్యతా నిబంధనలు 2024 అక్టోబర్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి కంపెనీ 2జీ, 3జీ, 4జీ, 5జీలలో ఎక్కడ ఏది అందుతుందో తన వెబ్‌సైట్‌లో మ్యాప్ పెట్టాలి. మీ ఊరు వెతికి పెద్దగా చేసి చూడండి. ప్రభుత్వం నడిపే తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ చుట్టుపక్కల ఏ కంపెనీ టవర్లు ఉన్నాయో కూడా తెలుస్తుంది.

మ్యాప్ రంగు చూసి సిమ్ కొనేయకండి. మ్యాప్‌కు మన కొండ తెలుసు, మన రేకుల కప్పు తెలియదు. రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లో ఒక మలుపు తిరిగితే సిగ్నల్ వస్తుంది, ఇంకో మలుపుకు పోతుంది. ఘాట్ రోడ్డు మీద వచ్చే సిగ్నల్ దాని కింద లోయలో ఉన్న ఊరికి రాదు. అందుకే స్వయంగా కొలవాలి.

కొలవడానికి సిగ్నల్ గీతలు పనికిరావు. ఒక్కో ఫోన్ వాటిని ఒక్కోలా చూపిస్తుంది. అసలు అంకె డీబీఎంలో ఉంటుంది, అది సిగ్నల్ బలాన్ని కొలిచే కొలమానం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఫోన్ గురించి అన్న చోట సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ స్ట్రెంత్ అని కనిపిస్తుంది. కనిపించకపోతే చాలా ఫోన్లలో *#*#4636#*#* నొక్కినా వస్తుంది. అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ మంచిది. 4జీకి మైనస్ 90 లోపు ఉంటే హాయిగా మాట్లాడొచ్చు, వీడియో కూడా ఆడుతుంది. మైనస్ 100 నుంచి 110 మధ్య పనవుతుంది. 115 దాటితే కాల్ మధ్యలో తెగుతుంది. 120 దగ్గర ఫోన్‌లో గీత కనిపించినా నమ్మకండి.

మా ఇంట్లో కొలిచినప్పుడు మంచం దగ్గర మైనస్ 118, కిటికీ దగ్గర 109, వాకిట్లో వేపచెట్టు కింద 98 వచ్చింది. రేకుల కప్పు, మందపాటి గోడలు కలిసి ఇరవై అంకెలు తినేశాయి. పక్కింటి అబ్బాయి సిమ్ అదే ఫోన్‌లో వేసి చూస్తే మంచం దగ్గర 104. ఇంకేం చెప్పాలి!

అందుకే కొత్త సిమ్ కొనే ముందు చుట్టాల దగ్గరో, స్నేహితుల దగ్గరో ఉన్న నాలుగు నెట్‌వర్క్‌ల సిమ్‌లు ఒకసారి అడిగి తెచ్చుకోండి. ఒకే ఫోన్‌లో మార్చి మార్చి వేసి, మూడు చోట్ల చూడండి: పడుకునే చోట, వాకిట్లో, రోజూ పనికి వెళ్లే పొలంలోనో దుకాణంలోనో. సిమ్ మార్చిన ప్రతిసారీ ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీసి, రెండు నిమిషాలు ఆగి అంకె రాసుకోండి. ఒకసారి పొద్దున, ఒకసారి రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య చూడండి. రాత్రి సిగ్నల్ అంకె అంతే ఉన్నా నెట్ నత్తనడక నడుస్తుంటే, ఊరంతా ఒకే టవర్ మీద వీడియోలు చూస్తోందని అర్థం. ట్రాయ్ మైస్పీడ్ యాప్‌తో ఆ వేగం కొలుచుకోవచ్చు.

అదే చోట ఒకటి పలికి ఒకటి ఎందుకు పలకదంటే, టవర్ దూరం ఒక కారణం, ఫ్రీక్వెన్సీ రెండోది. 700, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోతాయి, గోడలు దాటతాయి. 2300, 3300 మెగాహెర్ట్జ్‌వి నెట్ వేగంగా ఇస్తాయి కానీ కొద్ది దూరానికే బలహీనపడతాయి. జియో 4జీకి 850, ఎయిర్‌టెల్, వీ (వొడాఫోన్ ఐడియా) కంపెనీలకు 900 బ్యాండ్లు ఉన్నాయి. బీఎస్ఎన్ఎల్ కొత్త 4జీ 700లో, 2100లో నడుస్తుంది. బీఎస్ఎన్ఎల్ సిమ్ వేసుకునే ముందు మీ పాత ఫోన్‌కు బ్యాండ్ 28 ఉందో లేదో ఫోన్ వివరాల్లో చూసుకోండి. అది 700కు పెట్టిన పేరు. అది లేని ఫోన్‌కు టవర్ పక్కనే ఉన్నా ఆ తరంగం అందదు, అప్పుడు తప్పంతా సిమ్‌దే అనుకుంటాం.

బీఎస్ఎన్ఎల్‌ను ముందే తీసిపారేయకండి. స్వదేశీ పరిజ్ఞానంతో కట్టిన దాని 4జీ నెట్‌వర్క్‌ను 2025 సెప్టెంబర్ 27న ప్రధాని మన ఒడిశాలోని ఝార్సుగూడలోనే ప్రారంభించారు. సిగ్నల్ లేని ఊళ్లకు ప్రభుత్వ ఖర్చుతో 4జీ వేసే పథకంలో ఎక్కువ పని దానిదే. 2021లో ఆమోదించిన మరో పథకం ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, మహారాష్ట్ర, ఒడిశా రాష్ట్రాల వెనుకబడిన జిల్లాల్లో 7,287 ఊళ్లను ఎంచుకుంది. కాబట్టి రెండేళ్ల క్రితం పలకని సిమ్ ఇప్పుడు పలకొచ్చు. ప్రభుత్వ నిధితో కట్టిన కొన్ని టవర్ల మీద 2025 జనవరి నుంచి బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో వాళ్లు ఒకరి టవర్ ఒకరు వాడుకునే ఏర్పాటు కూడా వచ్చింది. కొండ ఊరికి వెళ్లినప్పుడు మీ ఫోన్‌లో వేరే కంపెనీ పేరు కనిపిస్తే కంగారు పడకండి.

రెండో మెట్టు: సరిహద్దు మీద సెట్టింగ్స్

మా ఊళ్లో ఫోన్ పొద్దున ఒడిశా టవర్ పట్టుకుంటుంది, చేను గట్టు మీదికి వెళ్తే ఆంధ్రా టవర్ పట్టుకుంటుంది. కాల్స్ ఆగవు. నెట్ మాత్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. "డేటా ఉంది, బ్యాలెన్స్ ఉంది, నెట్ రావట్లేదు" అని ఎవరైనా అంటే నేను మొదట చూసేది డేటా రోమింగ్ బటన్. కొన్ని ఫోన్లు పక్క సర్కిల్ టవర్‌ను రోమింగ్ కింద లెక్కేస్తాయి. ఆ బటన్ ఆపి ఉంటే నెట్ రాదు. దేశం లోపల అదనంగా డబ్బు పడదు కాబట్టి దాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి. ఇతర దేశాలకు వెళ్లేవాళ్లు మాత్రం ఆపుకుని వెళ్లాలి.

వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ వెళ్లే సదుపాయం, ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. జియోకు 2జీ, 3జీ లేవు, అది లేకపోతే కాల్ వెళ్లదు. మిగతా వాటికీ అది ఉంటేనే మాట స్పష్టంగా ఉంటుంది. మీ ఊళ్లో 5జీ అంతంతమాత్రంగా ఉంటే ఫోన్‌ను 4జీకే కట్టేయండి. 5జీ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది. ఇంట్లో వైఫై ఉండి టవర్ సిగ్నల్ లేకపోతే వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవచ్చు, కంపెనీ, ఫోన్ రెండూ దానికి ఒప్పుకోవాలి.

సిగ్నల్ బూస్టర్ పెట్టిస్తామని చెప్పేవాళ్లకు డబ్బివ్వకండి. అనుమతి లేకుండా దాన్ని అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం రెండూ చట్ట విరుద్ధం. పైగా మీ చుట్టుపక్కల వాళ్ల ఫోన్లకూ సిగ్నల్ చెడుతుంది.

మూడో మెట్టు: మన వాడకం ఎంతో చూసుకోవడం

ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తెరిచి గత నెల మొత్తం ఎంత ఖర్చయిందో చూడండి. 30తో భాగిస్తే రోజు వాడకం వస్తుంది. మా పిన్నికి ఇలా చూస్తే నెలకు 3 జీబీ కూడా దాటలేదు. ఆవిడకు వేసిన ప్లాన్ రోజుకు 1.5 జీబీ. రోజు ప్లాన్లలో మిగిలింది అర్ధరాత్రికి పోతుంది, మర్నాటికి కలవదు. నెలకు 40 జీబీకి డబ్బు కట్టి 3 జీబీ వాడిందన్నమాట.

అంచనాకు ఇవి గుర్తుంచుకోండి. యూపీఐ చెల్లింపులకు, మామూలు వాట్సాప్ మెసేజ్‌లకు డేటా లెక్కలోకి రానంత తక్కువ. వాట్సాప్ మాట కాల్ నిమిషానికి ఒక ఎంబీ కూడా తీసుకోదు. డేటా తినేది వీడియో: యూట్యూబ్ 360 క్వాలిటీలో గంటకు సుమారు 300 ఎంబీ, 720లో ఒక జీబీ దాటుతుంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు 360 చాలు, బోర్డు మీది అక్షరాలు కనిపిస్తాయి. వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతటవే దిగే సెట్టింగ్ ఆపేస్తే చాలా ఇళ్లలో ఒక మెట్టు కింది ప్లాన్ సరిపోతుంది.

రోజు కోటా అయిపోయాక నెట్ పూర్తిగా ఆగదు, చాలా ప్లాన్లలో 64 కేబీపీఎస్ దగ్గర పాకుతుంది. ఆ వేగంలో మెసేజ్ వెళ్తుంది, యూపీఐ ఒక్కోసారి వెళ్లి ఒక్కోసారి తిరుగుతూ ఉంటుంది. సంతలో డబ్బు కట్టాల్సిన రోజు ఈ టెన్షన్ వద్దనుకుంటే, సాయంత్రానికి కోటా మిగిలేలా వాడుకోండి.

నాలుగో మెట్టు: ధర

ధర చూసేటప్పుడు ప్లాన్ మీది అంకె చూడకండి, ఏడాదికి ఎంతవుతుందో చూడండి. నెల ప్లాన్ అని మనం అనుకునేది 28 రోజులది. అంటే ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జ్‌లు. 2024 జూలైలో ధరలు పెరిగాక 28 రోజుల 349 రూపాయల ప్లాన్ కట్టేవాళ్లకు ఏడాదికి 4,537 అవుతోంది. ఆ పెంపులో ఇదే 349కి జియో రోజుకు 2 జీబీ పెట్టింది, ఎయిర్‌టెల్ రోజుకు 1.5 జీబీ పెట్టింది. అంకె ఒకటే అయినా లోపలి సరుకు వేరు. 5జీ అన్‌లిమిటెడ్ రోజుకు 2 జీబీ, ఆ పై ప్లాన్లకే అన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది. ఊళ్లో 5జీ లేనివాళ్లు ఆ మాట చూసి పై ప్లాన్‌కు వెళ్లడం దండగ.

28 రోజుల లెక్కతో తేదీలు జారిపోయి మర్చిపోయే వాళ్లకు ఒక దారి ఉంది. 2022 నుంచి ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ఇంకొక ప్లాన్ ఇవ్వాలి. జీతం లేదా పింఛను వచ్చే తేదీకి దాన్ని కలుపుకోవచ్చు.

కాల్స్ మాత్రమే కావాల్సిన పెద్దవాళ్ల సంగతి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎక్కువ డబ్బు పోతున్నది వీళ్లదే. డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే ప్లాన్ ఉండి తీరాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో నిబంధన తెచ్చింది, వాలిడిటీ 365 రోజుల దాకా ఉండొచ్చంది. 2025 జనవరిలో జియో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748 రూపాయల ప్లాన్లు పెట్టింది. ఎయిర్‌టెల్ 84 రోజులకు 469, 365 రోజులకు 1,849 పెట్టింది. ధరలు మారుతుంటాయి కాబట్టి రీఛార్జ్ రోజున యాప్‌లో చూసుకోండి. నాన్నకు మేము 349ల మీద ఏడాదికి 4,537 పెట్టేవాళ్లం. అదే 365 రోజుల కాల్స్ ప్లాన్ అయితే 2,688 రూపాయలు మిగులుతుంది. ఆయన రెండు నెలల మందుల ఖర్చు అది.

ఈ ప్లాన్లు షాపులో అడగందే చెప్పరు. "డేటా వద్దు, కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉన్న ప్లాన్ చూపించండి" అని స్పష్టంగా అడగండి. ఎస్ఎంఎస్ లేని ప్లాన్ తీసుకోవద్దు. యూపీఐ నమోదు చేసేటప్పుడు మన ఫోన్ నుంచి ఒక ఎస్ఎంఎస్ బయటికి వెళ్లాలి. డేటా ప్యాక్ ఒక్కటే వేసి, అసలు ప్లాన్ వాలిడిటీ అయిపోయి, "యూపీఐ ఎందుకు రావట్లేదు" అని తల పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

ఐదో మెట్టు: రెండు సిమ్‌లు, రెండు కంపెనీలు

ఒకే కంపెనీ రెండు సిమ్‌లు ఒక ఫోన్‌లో పెట్టుకోవడం వల్ల ఉపయోగం లేదు. ఒకటి పోతే రెండూ పోతాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత గజపతి జిల్లాలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. కరెంటు పోయాక టవర్లు బ్యాటరీ, డీజిల్ మీద కొంతసేపు నడుస్తాయి, ఏ కంపెనీ టవర్ ముందు లేస్తుందో ఎవరికీ తెలియదు. వేరు వేరు కంపెనీల సిమ్‌లు ఉంటే ఒకటైనా పలకొచ్చు. సిమ్‌లో బ్యాలెన్స్ ఉన్నా లేకపోయినా ఆపదలో 112 నొక్కండి. మీ కంపెనీ సిగ్నల్ లేకున్నా అందుబాటులో ఉన్న ఏ టవర్ ద్వారా అయినా వెళ్లడానికి ప్రయత్నిస్తుంది.

ఇంట్లో బాగా పలికే సిమ్‌కు కాల్స్ ప్లాన్, పొలంలోనో పట్నంలోనో బాగుండే సిమ్‌కు డేటా ప్లాన్ వేస్తే రెండింటికీ కలిపి ఖర్చు తక్కువే. బ్యాంకుకు, ఆధార్‌కు ఇచ్చిన నంబర్‌ను మాత్రం ఎప్పుడూ ఎండబెట్టకండి. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబర్ తీసేసి ఇంకొకరికి ఇవ్వొచ్చు. ప్రీపెయిడ్ ఖాతాలో కనీసం 20 రూపాయల మెయిన్ బ్యాలెన్స్ ఉంటే ఆ 20 కోసుకుని నంబర్‌ను ఇంకో 30 రోజులు నిలుపుతారు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోండి. మీవి కానివి కనిపిస్తే అక్కడే చెప్పి తీయించవచ్చు.

ఆరో మెట్టు: పోర్ట్

నంబర్ అదే ఉంచుకుని కంపెనీ మార్చాలంటే, ఇంగ్లిష్‌లో పోర్ట్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబర్ కొట్టి 1900కు ఎస్ఎంఎస్ పంపండి. ఒక కోడ్ వస్తుంది, అది నాలుగు రోజులు చెల్లుతుంది. ఆధార్‌తో కొత్త కంపెనీ షాపుకు వెళ్తే అదే సర్కిల్‌లో 3 పనిదినాలు, వేరే సర్కిల్‌కు 5 పనిదినాలు పడుతుంది. 2015 జూలై నుంచి సర్కిల్ మారినా నంబర్ అదే ఉంచుకోవచ్చు. పాత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. సిమ్ పోయి కొత్తది తీసుకున్నవాళ్లకు ఏడు రోజులు దాటాకే కోడ్ వస్తుంది. పాత ప్లాన్ వాలిడిటీ ఇంకా మిగిలి ఉంటే ఆ రోజులు పోతాయి కాబట్టి, అది అయిపోయే వారంలో మొదలుపెట్టండి. మారే రోజు కొన్ని గంటలు ఫోన్ మూగబోతుంది. ఆ రోజు బ్యాంకు పని, గ్యాస్ బుకింగ్ లాంటివి పెట్టుకోవద్దు.

టవర్ ఉండి కూడా పలకకపోతే

198కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తప్పకుండా తీసుకోండి. ఆ నంబర్ లేకుండా తర్వాత ఎవరూ వినరు. మీరు కొలిచిన డీబీఎం అంకెలు, చోటు, వేళ చెబితే "సెట్టింగ్స్ చూసుకోండి" అని తిప్పి పంపలేరు. తీరకపోతే 30 రోజుల్లో అదే కంపెనీ అప్పీల్ అధికారికి రాయాలి, 39 రోజుల్లో వాళ్లు తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో టెలికాం శాఖకు పెట్టవచ్చు. ఊళ్లో పది మంది ఒకే వారంలో పది డాకెట్ నంబర్లతో పెడితే ఒక్కడి ఫిర్యాదు కంటే త్వరగా కదులుతుంది. మా ఊళ్లో టవర్ బ్యాటరీలు మార్చింది అలా పెట్టిన తర్వాతే.

నాన్న ఫోన్ ఇప్పుడు దిండు పక్కనే ఉంటుంది. నంబర్ అదే, కంపెనీ మార్చాం, ఏడాది కాల్స్ ప్లాన్ వేశాం. రీఛార్జ్ అయిపోయే తేదీని గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో అమ్మ చేతే రాయించాను. నా ఫోన్‌లో కూడా దానికి వారం ముందు గుర్తు చేసేలా పెట్టుకున్నాను.